జూన్‌కి మావోడికి 18 నిండుతాయి, స్కూల్ వాళ్లు ఇంక రావద్దన్నారు. తర్వాత ఏం చేయల్ల?

సి_క్యాంప్_అమ్మ, కర్నూలు
నమస్తే అందరికీ. మా బాబుకి ఆటిజం, జూన్‌లో 18 నిండుతాయి. మాటలు తక్కువ, నీళ్లు, బండి, వద్దు, ఇట్ల అవసరానికి ఒక్కో మాట. చిన్నప్పటి నుంచి పోతున్న స్పెషల్ స్కూల్ వాళ్లు మొన్న పిలిచి, మేడమ్ వచ్చే ఏడు నుంచి మేం తీసుకోలేం, పెద్దోడైపోయినాడు, చిన్నపిల్లల మధ్యలో కూర్చోబెట్టలేం అని చెప్పేసినారు. వాళ్లని అనేదేం లేదు, మావోడు ఇప్పుడు వాళ్ల నాన్న కంటే ఎత్తు. గవర్నమెంటు వాళ్లు ఇట్లాంటి పిల్లలకి నడిపే భవిత సెంటర్‌లో అడిగితే అది కూడా 18 వరకే అన్నారు. ఇంట్లో పెట్టుకుంటే టీవీ, ఫోను, తిండి, అంతే. సెలవుల్లో చూస్తానే ఉన్నా కదా, కొన్నాళ్లకే గోడకి తల కొట్టుకోవడం మొదలైతాది. మా అత్తగారేమో హైదరాబాద్‌లో ఏదో హాస్టల్ ఉందంట ఆడ చేర్పించండి అంటారు, నాకు మనసొప్పడం లేదు. మన జిల్లాల్లో 18 దాటిన పిల్లల్ని పెట్టుకుని ఎట్ల నెట్టుకొస్తున్నారో, కాగితాలు ఏమేం చేయించుకోవల్లనో తెలిసినోళ్లు చెప్పండి. పొడుగ్గా రాసినా పర్లేదు, వాడు పడుకున్నాక చదువుకుంటా.

గుంతకల్_రైల్వే_నాన్న
అమ్మా ముందు కాగితాలు చూసుకోండి, మిగతాది తర్వాత. మీ సదరం సర్టిఫికెట్, అదే వైకల్యం సర్టిఫికెట్ మీద ఏమని రాసుందో చూడండి. మన పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు తీసుకున్నవాటిలో శానా మందికి మెంటల్ రిటార్డేషన్ అనే ఉంటాది, ఎందుకంటే అప్పటి 1995 వికలాంగుల చట్టంలో ఉన్నవే ఏడు రకాలు, ఆటిజం వాటిలో లేదు. 2016 చట్టంలో 21 రకాలు పెట్టినారు, ఆటిజం విడిగా ఉంది. ఆ పాత మాటే ఉంటే సచివాలయంలో స్లాట్ బుక్ చేసుకుని మళ్లీ అసెస్‌మెంట్ చేయించండి. ఐశా అని ఆటిజం ఎంతుందో కొలిచే ఒక స్కేలు ఉంటాది, 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కులేస్తారు, 70 వస్తే ఆటిజం కింద లెక్క. డాక్టర్ ముందర మావోడు ఆ రోజు బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు, ఏం ఇబ్బంది లేదు కదండీ అన్నాడాయన! అందుకే ఇంట్లో ఎట్లుంటాడో ఫోన్‌లో వీడియోలు తీసుకుని పోండి. బుద్ధి మాంద్యం కూడా ఉంటే రెండూ రాయమని అడగండి. దాంతోనే యూడీఐడీ, అంటే దేశమంతా చెల్లే వైకల్యం కార్డుకి కూడా పెట్టేయండి.

ఆధార్ కూడా. 15 దాటినాక వేలిముద్రలు, కళ్లు మళ్లీ ఇయ్యల్ల. అది చేయకుంటే పింఛను కాడా బ్యాంకు కాడా ఇబ్బంది. మావోడు ఆ కంటి మిషన్ చూసి పారిపోయినాడు. ఆధార్ సెంటర్ పిల్లోడు మంచోడు, పొద్దున తెరవగానే ఎవరూ లేనప్పుడు రమ్మన్నాడు, మిషన్ చేతికిచ్చి ఆడుకోనిచ్చినాడు, ఆ తర్వాతే తీసినాడు.

ప్రొద్దుటూరు_అక్క
రైల్వే అన్న చెప్పింది కరెక్టే. వికలాంగుల పింఛను 2024 నుంచి నెలకి 6000 అయింది కదా, దాంతోపాటు వెరిఫికేషన్లు కూడా ఎక్కువైనాయి, 2025లో శానా మందికి మళ్లీ పరీక్షకి రమ్మని నోటీసులొచ్చినాయి. అన్ని రిపోర్టులు ఒక ఫైల్‌లో పెట్టుకోండి, ఒరిజినల్స్ ఎవరికీ ఇయ్యొద్దు.

గుంతకల్_రైల్వే_నాన్న
ఇంకోటి మర్చిపోతి. గార్డియన్ సర్టిఫికెట్. 18 నిండినాయంటే చట్టం లెక్కన వాడు మేజర్, తల్లిదండ్రులమని చెప్పినా బ్యాంకులో మన సంతకం చెల్లదు. నేషనల్ ట్రస్ట్ చట్టం 1999 కింద ప్రతి జిల్లాలో లోకల్ లెవెల్ కమిటీ ఉంటాది, కలెక్టర్ గారే దానికి పెద్ద. ఫారం ఎ పెట్టుకోవల్ల. దివ్యాంగుల శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) ఆఫీసులో అడిగితే చెప్తారు. ఇచ్చినాక ఊరికే ఉండకూడదు, పిల్లోడి పేరు మీద ఆస్తి ఏముందో ఆరు నెలల్లోపల లిస్టు ఇయ్యల్ల, ప్రతి ఏడూ లెక్క చెప్పల్ల.

మీ ఇంట్లో ఎవరైనా గవర్నమెంటు ఉద్యోగం అయితే పిల్లోడి పేరు సర్వీసు రికార్డులో ఎక్కించినారా లేదా చూసుకోండి. సంపాదించుకోలేని వైకల్యం ఉన్న బిడ్డకి మన తర్వాత ఫ్యామిలీ పెన్షన్ జీవితాంతం వస్తాది, 25 ఏళ్ల రూలు వీళ్లకి లేదు. మనం రిటైరయ్యే లోపలే చేస్తే మేలు, తర్వాత ఆ పిల్లోడు ఎవరి వెంట తిరుగుతాడు ఆఫీసులకి.

అనంత_24
అందరూ కాగితాల గురించి చెప్తున్నారు మంచిదే, కానీ గార్డియన్ విషయంలో నాకు అభ్యంతరం ఉంది అంకుల్. నేను ఆటిస్టిక్, వయసు 24, అనంతపురం, ఇంజనీరింగ్ మూడో ఏడులో ఉన్నప్పుడు డయాగ్నోసిస్ అయింది. 18 నిండగానే అందరికీ గార్డియన్ పెట్టేయడం అంటే ఒక మనిషికి వాడి జీవితం మీద సంతకం లేకుండా చేయడమే కదా. 2016 చట్టంలో సెక్షన్ 14 చూడండి, అందులో చెప్పింది లిమిటెడ్ గార్డియన్, అంటే ఫలానా పనికి, ఫలానా కాలానికి, ఆ మనిషిని అడిగి, ఇద్దరూ కలిసి తీసుకునే నిర్ణయం. అన్నిటికీ తాళం వేసేది కాదు.

గుంతకల్_రైల్వే_నాన్న
బాబూ నీ మీద గౌరవంతోనే చెప్తున్నా. నువ్వు ఇంత చక్కగా టైప్ చేస్తున్నావు, ఇంజనీరింగ్ చదివినావు. మావోడు 21 ఏళ్లకి చొక్కా గుండీలు పెట్టుకోలేడు, నొప్పొస్తే యాడ నొప్పో చెప్పలేడు. వాని పేరు మీద వాళ్ల తాత ఇచ్చిన ఎకరా ఉంది, రేపు ఎవరో వచ్చి వేలిముద్ర ఏయించుకుంటే? నాకు ఆ కాగితం కావల్ల. నీకు వద్దు, అది నిజమే. ఇద్దరికీ ఒకటే రూలు ఎట్ల?

అనంత_24
భూమికి మీరన్నది ఒప్పుకుంటున్నా, అక్కడ రక్షణ కావాలి. నేను అంటున్నది ఏంటంటే భూమి కోసం తీసుకున్న కాగితం చూపించి, వాడు ఏ చొక్కా వేసుకోవాలి, ఎక్కడికి పోవాలి, ఎవరింట్లో ఉండాలి అన్నీ మనమే తేల్చేస్తాం. మాట రాకపోతే ఇష్టం లేనట్టు కాదు కదా. మీవోడు వద్దనుకున్నప్పుడు ఏం చేస్తాడు?

గుంతకల్_రైల్వే_నాన్న
పళ్లెం తోసేస్తాడు. చెయ్యి కొరుక్కుంటాడు.

అనంత_24
అదే వాడు చెప్పేది. దానికి బదులు రెండు బొమ్మలు చూపించి ఏది కావాలో ముట్టుకోమంటే చెయ్యి కొరుక్కునే పని తగ్గొచ్చు. చెన్నైలో తయారైన అవాజ్ అని యాప్ ఉంది, బొమ్మలు నొక్కితే మాట పలుకుతుంది. ఫోన్ కూడా అక్కర్లేదు, అట్టముక్క మీద ఫోటోలు అంటించినా సరిపోతుంది. 21 ఏళ్లొచ్చినా మొదలుపెట్టొచ్చు, మాటకి వయసు దాటిపోయిందని ఎవరైనా అంటే నమ్మొద్దు.

కడప_స్పెషల్_టీచర్
ఇద్దరూ చెప్పిందాంట్లో న్యాయం ఉంది. నేను చానాళ్లుగా ఈ పిల్లలతోనే పని చేస్తున్నా, నాకు అనిపించేది చెప్తా. కాగితం గానీ ఉద్యోగం గానీ రెండో మెట్టు. స్కూలు మానేసినాక పిల్లోడు పాడయ్యేది చదువు లేక కాదు, రోజుకి ఒక ఆకారం లేక. పొద్దున 9కి ఆటో, 11కి పాలు, 1కి అన్నం, 4కి ఇల్లు, ఇది పదేళ్లు నడిచి ఒక్కరోజులో ఆగిపోతే ఎవరికైనా పిచ్చెక్కుతుంది, వీళ్లకి ఇంకా ఎక్కువ. అందుకని సి.క్యాంప్ అక్కా, మీరు జూన్ దాకా ఆగొద్దు. ఇప్పటి నుంచే వారంలో ఒక రోజు స్కూలు మాన్పించి, ఆ రోజు అదే టైముకి ఇంకో పని పెట్టండి. తర్వాత రెండు రోజులు. స్కూల్ వాళ్లని అడగండి, ఒప్పుకుంటారు. గోడ మీద ఫోటోల చార్ట్ పెట్టి స్కూలు ఉన్న రోజు స్కూలు ఫోటో, లేని రోజు ఆ పని ఫోటో. జూన్ వచ్చేసరికి వానికి అది కొత్త కాకూడదు.

ఏం పని అంటే, ఇంట్లో రోజూ చేసే పనులే. నీళ్ల బిందె, రొట్టెల పిండి కలపడం, బట్టలు మడతపెట్టడం, అంగడికి పోయి చీటీ ఇచ్చి సామాను తేవడం. పనిని ముక్కలు చేసి చివరి ముక్క ముందు నేర్పండి. దుప్పటి మడతలో మీరు అంతా చేసి ఆఖరి మడత వాణ్ణి పెట్టమనండి, అది వచ్చినాక దాని ముందు మడత. పని పూర్తి చేసిన తృప్తి మొదటి రోజు నుంచే వస్తాది.

14, 15 ఏళ్ల పిల్లలున్నోళ్లు కూడా ఇది చదువుతుంటారు, మీరు ఇప్పుడే మొదలుపెట్టండి. అప్పుడైతే స్కూలు కూడా మీ పక్కన ఉంటాది.

ఆదోని_మామ
ఇంత రామాయణం ఎందుకు, మంచి సంబంధం చూసి పెళ్లి చేస్తే బాధ్యత వచ్చి వాడే దారికొస్తాడు. మా ఊర్లో ఒకనికి అట్లనే అయింది. పేదింటి పిల్ల దొరకదా.

ప్రొద్దుటూరు_అక్క
మామా మీరు పెద్దోళ్లు కాబట్టి గమ్మునుంటున్నా. ఆ పేదింటి పిల్ల ఏం పాపం చేసింది? నర్సు ఉద్యోగానికి తాళి కట్టేది ఏంది?

అనంత_24
ఆటిజం ఉన్నోళ్లు పెళ్లి చేసుకోకూడదని కాదు, చేసుకునే వాళ్లు ఉన్నారు, నాక్కూడా చేసుకోవాలనే ఉంది. కానీ వైద్యం లాగా చేయొద్దు. ఇద్దరికీ తెలిసి, ఇద్దరూ సరేనంటేనే.

అడ్మిన్
పెళ్లి టాపిక్ ఇక్కడితో ఆపండి. మామ గారూ, ఇంకోసారి అయితే కామెంట్ తీసేస్తాం.

ప్రొద్దుటూరు_అక్క
పని గురించి చెప్తా. మావోనికి 20. మా ఆయనకి తెలిసినోళ్ల కిరాణా హోల్‌సేల్ అంగట్లో పుట్నాల పప్పు పావుకిలో ప్యాకెట్లు కట్టే పని పెట్టినాం, పొద్దున రెండు గంటలే. మొదట్లో ఏమైందంటే కాటా మీద ఎర్ర అంకెలు సరిగ్గా 250 వచ్చేదాకా వాడు వదలడు. 252 వస్తే ఒక్కో పప్పు తీస్తాడు, 249 అయితే మళ్లీ ఒకటి వేస్తాడు, ఒక్క ప్యాకెట్‌కి అంతసేపు. షావుకారి ఓపిక అయిపోయి, అమ్మా ఇట్లయితే సాయంత్రానికి పది ప్యాకెట్లు కావు అన్నాడు. వానికి సుమారుగా అనేది అర్థం కాదు, అది చెప్పి లాభం లేదు. మా పెద్దమ్మాయి కాటా పక్కన అట్టముక్క పెట్టి 248, 249, 250, 251, 252 అని ఐదు అంకెలు రాసి పక్కన పచ్చ టిక్కు పెట్టింది, వీటిలో ఏది వచ్చినా సరే అని. అంతే, ఆ రోజు నుంచి స్పీడ్ వచ్చేసింది. ఇప్పుడు అంగట్లో వాళ్లే తక్కువ తూకం వస్తే వాడు ఊరుకోడని భయపడతారు, నిజంగా.

జీతం కొంచెమే, కానీ వాని చేతికే ఇయ్యమన్నాం. దాంతో శుక్రవారం కారం దోశ తింటాడు.

సి_క్యాంప్_అమ్మ
అక్కా చదువుతా ఉంటే నవ్వొచ్చింది ఏడుపొచ్చింది. మావోనికి అంకెలు రావు గానీ రంగులు బాగా గుర్తుపడతాడు.

రాయదుర్గం_జీన్స్
రంగులు చాలు మేడమ్. మాది జీన్స్ కుట్టే యూనిట్, చిన్నది. నా తమ్ముడికి ఆటిజం, 27. వాడు దారాలు కత్తిరించే టేబుల్ మీద ఉంటాడు. కుట్టినాక ప్యాంటుకి వేలాడే దారాలు కట్ చేసేది. కత్తిరించనివి నీలం ట్రే, అయినవి పసుపు ట్రే, అనుమానం ఉన్నవి ఎర్ర ట్రే. ఎర్ర ట్రే పెట్టడమే పెద్ద ఉపాయం, అది లేనప్పుడు అనుమానం వస్తే చేతిలో పట్టుకుని అట్లనే నిలబడిపోయేవాడు. మిషన్ల శబ్దం వానికి పడదు, చెవులకి మఫ్స్ పెట్టినాం, గోడ వైపు కూర్చోబెట్టినాం. కరెంటు పోయి ఒక్కసారిగా అన్నీ ఆగిపోతే ఇప్పటికీ లేచి బయటికి పోతాడు, పోనిస్తాం, వస్తాడు.

ఓనర్లకి నేను చెప్పేది ఒకటే, జాలితో పెట్టుకోవద్దు, జాలి రెండు నెలలకి అయిపోతాది. పని పనికొచ్చేట్టు టేబుల్ మార్చుకోండి, మా యూనిట్‌లో దారం మిగిలిందని తిరిగొచ్చే పీసులు ఆ టేబుల్ నుంచి రావు.

కొత్తగా_వచ్చా, అనంతపురం
మా పాప బాగా చదువుతుంది కానీ టెన్త్ క్లాస్‌రూమ్ గోలకి తట్టుకోలేక ఆపేశాం, ఇప్పుడు 16. ఏమైనా దారి ఉందా?

అనంత_24
ఓపెన్ స్కూల్. ఎన్‌ఐఓఎస్, అంటే జాతీయ ఓపెన్ స్కూల్ టెన్త్‌కి 14 నిండితే చాలు, పై వయసు పరిమితి లేదు, సబ్జెక్టులు ఒకటొకటిగా రాసుకోవచ్చు, స్క్రైబు (మన బదులు పరీక్ష రాసిపెట్టే మనిషి), ఎక్స్‌ట్రా టైము అడగొచ్చు. రాష్ట్ర ఓపెన్ స్కూల్ కూడా ఉంది. తర్వాత డిగ్రీకి గవర్నమెంట్ కాలేజీల్లో 5 శాతం సీట్లు, వయసులో ఐదేళ్ల సడలింపు. ఉద్యోగాల్లో 4 శాతంలో మనకి వచ్చేది 1 శాతం, అది కూడా ఆటిజం, మేధో వైకల్యం, లెర్నింగ్ డిజెబిలిటీ, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యం అందరూ కలిసి పంచుకునేది. ఈ సీట్లకీ ఉద్యోగాలకీ 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉండాలి. ఇంటర్వ్యూల గురించి అడగొద్దు, కళ్లలోకి చూడలేదని రిజెక్ట్ చేసిన చోటు కూడా ఉంది. ఇప్పుడు ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నా, కెమెరా ఆఫ్, హాయిగా ఉంది.

సి_క్యాంప్_అమ్మ
హాస్టల్ గురించి ఎవరూ చెప్పలేదు. మా అత్తగారు రోజూ అడుగుతున్నారు.

గుంతకల్_రైల్వే_నాన్న
హాస్టల్ పాపం కాదమ్మా, రేపు మనం లేనప్పుడు కావల్సి రావచ్చు. కానీ 18కే ఎందుకు? ఎప్పుడు చేర్చినా, చెప్పకుండా పోయి చూడండి, మధ్యాహ్నం అన్నం తర్వాత పోండి, అప్పుడు పిల్లలు ఏం చేస్తున్నారో చూడండి. అందరూ వరసగా టీవీ ముందర కూర్చున్నారంటే వచ్చేయండి. బాత్రూములు చూడండి. రాత్రి డ్యూటీలో ఎంతమంది, ఆడపిల్లల కాడ ఆడమనిషే ఉందా అడగండి. తల్లిదండ్రులు ఎప్పుడైనా రావచ్చా అంటే, నెలకోసారి ఆదివారం అంటే, ఆ జాగా వద్దు.

కడప_స్పెషల్_టీచర్
దీనికి కలుపుతా. 18 అని కాదు, ఈ వయసులో చూసుకోవల్సినవి రెండు మూడు ఉన్నాయి, సిగ్గుపడి ఎవరూ అడగరు. ఒకటి ఫిట్స్. అంతకుముందు లేకపోయినా టీనేజ్‌లో కొందరికి మొదలైతాయి. ఉన్నట్టుండి కొన్ని క్షణాలు బిగుసుకుపోయి చూస్తా ఉన్నా, పడుకుని లేచినాక నాలుక కరుచుకున్నట్టు కనిపించినా న్యూరాలజిస్ట్‌కి చూపించండి. దెయ్యం పట్టింది అని దర్గాల చుట్టూ తిరిగి తర్వాత వచ్చినోళ్లని చూసినా. రెండోది, కోపానికి వాడే మాత్రలు, రిస్పెరిడోన్ లాంటివి, వాటితో ఆకలి పెరిగి బరువు పెరుగుతారు, ఆర్నెల్లకోసారి బరువు, షుగర్ చూపించుకోండి, మీ అంతట మీరు మాత్రం ఆపేయొద్దు. మూడోది, మగపిల్లలు నలుగురిలో తమ ఒళ్లు తామే ముట్టుకోవడం. కొట్టొద్దు. అది తప్పు కాదు, జాగా తప్పు. తలుపేసుకున్న తన గదిలో మాత్రమే అని బొమ్మతో, అదే మాటతో, ఇంట్లో అందరూ ఒకేలా చెప్పండి. పెద్దోడైనాక వీధిలో అట్ల చేస్తే పోలీసులదాకా పోతాది, అందుకే చిన్నప్పుడే.

సి_క్యాంప్_అమ్మ
టీచర్ గారూ మీరు చెప్పినట్టు గురువారం స్కూలు మాన్పించి మా తమ్ముడి జిరాక్స్ షాపుకి పంపిస్తున్నా, రాజ్‌విహార్ దగ్గర. పేపర్లకి స్టేప్లర్ కొడతాడు, ఆ టక్కు మనే శబ్దం వానికి ఇష్టం, ఖాళీ పేపర్లకి కూడా కొట్టేస్తున్నాడు, తమ్ముడు తిడుతున్నాడు. నిరామయ అని ఇన్సూరెన్స్ ఉందని ఎవరో అన్నారు, నిజమేనా?

గుంతకల్_రైల్వే_నాన్న
నిజమే. నేషనల్ ట్రస్ట్‌ది, ఏడాదికి లక్ష దాకా, ముందుగా మెడికల్ టెస్టు ఉండదు, ఓపీ, థెరపీ కూడా కవరైతాయి. ముందు మనం కట్టుకుని బిల్లులు పెట్టల్ల, డబ్బులు తర్వాత వస్తాయి. రెన్యువల్ డేట్ ఫోన్‌లో అలారం పెట్టుకోండి. స్టేప్లర్‌కి పిన్నులు లెక్కపెట్టి ఇయ్యమనండి మీ తమ్ముణ్ణి, సమస్య తీరుతాది.

పేరొద్దు, కడప
ఇక్కడ అడగొచ్చో లేదో. మా పాప 17. నెలసరి వస్తే ప్యాడ్ పీకి పారేస్తుంది. మా బంధువుల్లో ఒకావిడ గర్భసంచి తీయించేయండి పీడా పోతుంది అంటోంది. తనకి రేపు 18 నిండితే ఇంకా కష్టమంట. నిజంగా తీయిస్తారా?

కడప_స్పెషల్_టీచర్
అమ్మా అడగొచ్చు, మంచి పని చేసినారు. ఎవరు చెప్పినా తీయించొద్దు. 2016 చట్టం సెక్షన్ 10లోనే ఉంది, ఆ మనిషి తెలిసి ఒప్పుకోకుండా పిల్లలు పుట్టకుండా చేసే ఏ ఆపరేషనూ చేయకూడదని. పైగా గర్భసంచి తీసేస్తే నెలసరి పోతుందేమో గానీ ఎవరైనా చెయ్యి వేస్తే ఆ ప్రమాదం అట్లనే ఉంటుంది, ఆ విషయం బయటపడే దారి కూడా మూసుకుపోతుంది.

ప్యాడ్ పీకేది చాలామటుకు ఆ గరుకుతనం, చప్పుడు, తడి వల్ల. నెలసరి లేని రోజుల్లోనే ఇంట్లో రోజూ కాసేపు పెట్టి అలవాటు చేయండి, కాటన్‌ది చూడండి, ప్లాస్టిక్ కవర్ చప్పుడు లేనిది. ప్యాంటీ లాగా తొడిగేవి ఉన్నాయి, గట్టి గుడ్డతో కుట్టిన పీరియడ్ ప్యాంటీలు కూడా దొరుకుతున్నాయి, కొంతమందికి అవే నప్పుతాయి. లోదుస్తుల మీద ప్యాడ్ ఆకారం పెన్నుతో గీసి, ఎక్కడ అంటించాలో చూపించండి. నొప్పి ఉందేమో కూడా చూడండి, నోటితో చెప్పలేక పీకుతుందేమో. గైనకాలజిస్ట్ దగ్గరికి పోతే మందులతో తగ్గించే దారులు ఉన్నాయి, అవి అడగండి.

ప్రొద్దుటూరు_అక్క
చెల్లీ నాకు మెసేజ్ పెట్టు. మా చిన్నమ్మాయికి కూడా ఇదే, మేం నేర్పించినాం. ఆ ప్యాంటీలు ఏ సైజు, ఎట్ల ఉతకాలో చెప్తా. ఆ బంధువావిడ మళ్లీ వస్తే ఆ సెక్షన్ నంబరు చెప్పు.

అడ్మిన్
ఆడపిల్లల విషయాలకి విడిగా థ్రెడ్ తెరుస్తున్నా, అందులో ఆడవాళ్లు మాత్రమే రాయండి. గార్డియన్ ఫారం నింపేటప్పుడు ఏమేం జత చేయాలో రైల్వే అన్న ఒకచోట రాసి పెడితే పైన పిన్ చేస్తా.

గుంతకల్_రైల్వే_నాన్న
ఆదివారం రాస్తా. అనంతపురం తమ్ముడూ, నువ్వు చెప్పిన ఆ లిమిటెడ్ గార్డియన్‌ది కూడా నాలుగు లైన్లు రాసియ్యి, దాని కింద పెడతాం.